మేకలు తిరిగిన చోటు

నెల్లూరు,
6 జూలై 2025

అత్తా,

నాకు జడలు వేసి బడికి పంపిన నీకే ఉత్తరం రాయడమేమిటని నవ్వకు. నాకూ కొత్తగానే ఉంది.

ఈ పొద్దున హాస్టల్లో నా ఫోన్ వంతు వచ్చింది. వార్డెన్ మేడం ఇచ్చే కాస్త సమయంలో సగం, నాగమల్లేశ్వరి పిన్ని సిగ్నల్ కోసం డాబా ఎక్కడానికే పోయింది. ఆమె పైనుంచి “సుబ్బరత్నమ్మక్కా, నీ మేనకోడలు!” అని కేకేసింది. నువ్వు కిందనుంచి “మెట్లెక్కి మాట్లాడేదేంది? తెలుగు బియ్యే చదివే పిల్ల గదా, జాబు రాయమను. కూర్చొని చదువుకుంటా” అన్నావు. అది కూడా వినిపించింది. నా వెనక వరసలో నిలబడిన పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ మాట ఎంతో నచ్చింది. ఫోన్లో నువ్వు “బాగున్నా, పెట్టెయ్” అంటావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు కదా.

ఇక్కడ మా తెలుగు మేడం ఎవరింటి పనిమాటలు వాళ్ళను పోగుచేసుకు రమ్మన్నారు. సముద్రం వైపు పిల్లలు వలల పేర్లు తెచ్చారు. నేను మేకల రంగులు చెప్పాను. కర్రి, బొల్లి, పుల్ల. “ఇంకా?” అన్నారు మేడం. ఇంకా నీ దగ్గర ఉన్నాయని చెప్పాను. చిన్నప్పటినుంచి నా చెవిలో పడి ఊరికే ఉన్న మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నట్టు ఉంది. నువ్వు ఉత్తరం రాసేటప్పుడల్లా ఒక మాట పంపు.

అసలు సంగతి మాత్రలు. ఒంగోలులో నీ గుండె నాళంలో స్టెంటు వేసి ఏడాది దాటింది. అప్పుడు డాక్టరు మనకు తెరమీద చూపించారు, గుర్తుందా? తీగతో అల్లిన చిన్న గొట్టం. మూసుకున్న నాళాన్ని అది లోపలినుంచి తెరిచి పట్టుకుంటుంది. నాళం గోడల్లో కాల్షియం సున్నంలాగా గట్టిపడిందని, అందుకే కష్టమైందని అన్నారు. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దన్నారు. శనివారం ఒక్కపొద్దులు ఉన్నా సరే, మాత్ర వేసుకోవాలి.

ఆ ఏడు నీ దగ్గర ఉండిపోయి నేను పరీక్షలు వదిలేశానని నువ్వింకా బాధపడుతున్నావని పిన్ని చెప్పింది. పడకు. నేను పడటం లేదు.

జడ ఇంకా వంకరగానే వేసుకుంటున్న
యశోద


ఇంటి కాడ నుంచి,
17 జూలై

యశోదమ్మీ,

నీ జాబు అందింది. పోస్టాయన “నీకెవురమ్మా జాబు రాసేది, బ్యాంకు నోటీసేమో చూసుకో” అన్నాడు. “నా కోడలు రాసింది, నువ్వు చదవలేవులే” అన్నా.

అక్షరాలు మరీ చిన్నగా రాసినావు. అద్దాలు పెట్టుకొని రెండు పూటలు చదివినా. నాగమల్లేశ్వరి లాక్కొని చదివి “మన పిల్లేనా ఇది” అని కండ్లు తుడుచుకుంది. అది సీరియల్ చూసినా అంతే.

జీవాలు బాగున్నాయి. ఇదే నీకు మాట. మేకలు అనేది కొనేటోళ్ళు, మేపేటోళ్ళం జీవాలంటాం. మీ మేడానికి చెప్పు.

ఈ మధ్య గుట్ట ఎక్కేది మానేసినా. వాగు కాడికే తోలకపోతున్నా. ఈ యేడు ఉరుములు జాస్తి. దొనకొండ తట్టు పిడుగు పడి ఎవురివో గొర్రెలు సచ్చిపోయినాయంట. నా గుండెల్లో ఇనుము ఉంది గదా. గుట్ట మీద అంత ఎత్తున నిలబడితే పిడుగు నన్నే ఎతుక్కుంటా వస్తాది. నువ్వు నవ్వుతావు. నవ్వుకో.

మాత్రలు ఏసుకుంటున్నా. డాక్టరు సున్నం అన్నప్పటి నుంచి ఆకులో సున్నం గూడా మానేసినా. ఉత్త ఆకూ వక్కా నమలతుంటే గడ్డి తిన్నట్టుంది. మన బోరు నీళ్ళలో ఉండేది సున్నమే. బిందె అడుగు చూడు, తెల్లగా పేరుకొని గోకినా రాదు. నా నరాలు గూడా అట్లనే అయినాయేమో. ఆకు మానొచ్చు, నీళ్ళు మానేదెట్ల?

మూడు పూటలా తిను. ఉంటా.

మీ అత్త


నెల్లూరు,
27 జూలై 2025

అత్తా,

జీవాలు అన్న మాట బోర్డుమీద రాయించారు మేడం. కింద నీ పేరు కూడా రాశారు. సుబ్బరత్నమ్మ గారు, కొనకనమిట్ల మండలం. నేను ఫొటో తీయలేకపోయాను, ఫోన్ లేదుగా. కాబట్టి నమ్ము.

పిడుగు సంగతి నేను ఊరికే వదలలేదు. ఫిజిక్స్ మేడం దగ్గరకు వెళ్ళి అడిగాను. స్టెంటు వడ్లగింజ కంటే కాస్త పొడుగు ఉంటుందట, అంతే. “మీ అత్త చేతిలో కొమ్మలు కొట్టే గొడ్డలి ఉంటుందిగా? పిడుగుకు ఇనుమే కావాలంటే ముందు దాన్నే చూస్తుంది” అన్నారు. ఉరిమేటప్పుడు గుట్టమీద ఉండకూడదనేది అందరికీ వర్తిస్తుంది, గుండెలో ఏమీ లేనివాళ్ళకు కూడా. ఉరమని రోజు నీకేం భయం లేదు.

ఆకులో సున్నానికీ, నాళాల్లో సున్నానికీ సంబంధం లేదట. బోరు నీళ్ళకూ లేదట. షుగరు, వయసు, బీపీ, ఇట్లాంటివి కారణాలట. కాలేజీ నర్సమ్మను అడిగి రాసుకున్నాను. ఆకు నువ్వు ఎట్లాగూ తగ్గించాలి, అది వేరే సంగతి.

కాబట్టి అత్తా, ధైర్యంగా గుట్ట ఎక్కు. నడక గుండెకు మంచిదని డాక్టరే చెప్పారు. స్టెంటు తలుపుకు వేసిన గడియలాంటిది కాదు, ఎప్పుడూ తెరిచే ఉంచే చౌకట్టులాంటిది. ఈ పోలిక నాదే. బాగుందా?

యశోద


14 ఆగస్టు

యశోదమ్మీ,

చౌకట్టు బాగుంది. నాగమల్లేశ్వరి గూడా బాగుందన్నాది.

నువ్వు రాసినావని గుట్ట కాడికి పోయినా. సగం దూరం పోయి వచ్చేసినా. ఎండ.

మొన్న ఒంగోలు పోయి డాక్టరుకు చూపించుకున్నా. ముసలాయన లేడు, చిన్న డాక్టరు ఉన్నాడు. బాగా మాట్లాడినాడు.

“నడిచేటప్పుడు గుండెల్లో పట్టేసినట్టు ఉంటుందా అమ్మా?”

“లేదు సార్.”

“ఆయాసం?”

“లేదు సార్.”

“ఏం పని చేస్తావు?”

“జీవాలు మేపుతా.”

“అయితే రోజూ నడకే. మంచిది. మా పేషెంట్లందరికీ తలా ఒక మేకను ఇయ్యాల” అని నవ్వినాడు. అవే మాత్రలు రాసిచ్చినాడు. ఈసీజీ బాగుందంట. ఇంక నీకు దిగులు అక్కర్లేదు.

ఇంకొక సంగతి. సతీష్‌కి కొన్ని జీవాలు ఇచ్చేసినా. కర్రిదీ, దాని పిల్లలూ, ఇంకా ఆ గోడలు దూకేవన్నీ. మా మరిది కొడుకే గదా, పరాయోడు కాదు. వాడు గూడా ఇప్పుడు బుద్ధిగా ఉన్నాడు. నా తర్వాత ఇంటికి ఒక మగదిక్కు ఉండాల గదా. నువ్వు గూడా ఆలోచించుకో.

పొద్దు పోతాంది. చేయి లాగుతాంది, ఇంక రాయలేను.

మీ అత్త


నెల్లూరు,
24 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకు అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి కోపం వచ్చింది.

సతీష్ బావకు జీవాలు ఇచ్చావు. వాడు బుద్ధిగా ఉన్నాడు. ఇంటికి మగదిక్కు కావాలి. నేను ఆలోచించుకోవాలి. ఏమి ఆలోచించుకోవాలి? పెళ్ళి మాట అనకుండా పెళ్ళి మాట్లాడటం నీకు చేతనవునని నాకు తెలియదు. నన్ను అడగకుండా వాళ్ళింటికి జీవాలు తోలేశావంటే ఊళ్ళో ఏమనుకుంటారు? మాట ఇచ్చినట్టే కదా?

బావ మంచివాడే. చిన్నప్పుడు నా పలక పగలగొట్టాడు, దానికి ఇప్పుడు కోపం లేదు. కానీ నేను డిగ్రీ పూర్తిచేయాలి. ఆ తర్వాత ఎం.ఏ. చదవాలి. “చదువు అనే మాట మన ఇంట్లో నీతోనే మొదలు” అన్నది నువ్వే. ఇప్పుడు నువ్వే దాన్ని మధ్యలో ఆపుతావా?

నీ గుండె బాగుందని డాక్టరు చెప్పినందుకు సంతోషం. అది చదివి ఎగిరి గంతేయవలసినదాన్ని. ఆ కింది వాక్యాలు నన్ను గంతేయనివ్వలేదు.

యశోద


5 సెప్టెంబరు

ఓ తెలివిగల్లదానా,

నవ్వి నవ్వి అలుపొచ్చింది. నాగమల్లేశ్వరికి చదివి వినిపిస్తే అది సతీష్‌ని పిలిచి “ఏం రా, పెండ్లికొడకా” అన్నాది. వాడు మూతి ముడుచుకొని “నాకు ఆ యమ్మి వద్దు పిన్నీ, మాట మాటకూ అర్థం అడుగుతాది” అని పోయినాడు. నీకు కావాలన్నా వాడు రాడు. స్థిమితంగా చదువుకో.

కర్రిది దూకుతాది. దూకితే ఎనక ఉరకాల. నేను ఉరకలేను గదా ఈ వయసులో, అందుకే ఇచ్చినా. ఆలోచించుకో అనింది జీవాల గురించి. నువ్వు ఉద్యోగం చేసేదానివి, ఇవన్నీ ఏం చేసుకుంటావని.

చదువు ఆపుతానా నేను? ఒక ఏడు పోగొట్టింది చాలు.

దసరాకు రా. అలసంద వడలు చేస్తా. ఎక్కువ రాయలేను, కండ్లు మూసుకుపోతున్నాయి. ఈ మధ్య మధ్యాన్నం గూడా నిద్ర వస్తాంది.

మీ అత్త


నెల్లూరు,
5 అక్టోబరు 2025

అత్తా,

ఈ ఉత్తరం నీ ఎదుట చెప్పలేక రాస్తున్నాను. నిన్న సాయంత్రం బస్సు దిగగానే రాయాలని కూర్చున్నాను. పొద్దున్నుంచి ఇది నాలుగో కాగితం.

పండుగ మర్నాడు నువ్వు “నేను వంట చూస్తా, నువ్వు జీవాలు తోలకపో” అన్నావు. నేను సంతోషంగా పోయాను. గుట్టదాకా తీసుకుపోవాలనుకున్నాను. రోడ్డు కల్వర్టు దగ్గరికి రాగానే అన్నీ ఆగిపోయాయి. ఆ తుమ్మచెట్ల కింద కాయలు ఏరుకున్నాయి. కాసేపటికి బొల్లిది తల ఎత్తి ఇంటివైపు తిరిగింది. మిగతావన్నీ దాని వెనకే. నేను అదిలించాను, అడ్డం పరుగెత్తాను, కొమ్మ విరిచి ఆశ చూపించాను. ఒక్కటి కూడా కల్వర్టు దాటలేదు. మేత లేక కాదు, అవతల పచ్చగా ఉంది.

సతీష్ బావ బండిమీద పోతూ ఆగాడు. “ఏంది యశోదా, జీవాలకు దారి తెలవదనుకున్నావా? పెద్దమ్మ ఈ కల్వర్టు దాటక శానా దినాలైంది. కూర్చుంటాది, లేస్తాది, తోలకపోతాది. వాటికి ఇప్పుడు ఊరు ఇంతే” అన్నాడు.

ఇంటికి వచ్చి అడిగితే నువ్వు “ఆడ కాయలు బాగుంటాయి” అన్నావు. అట్లా అంటూనే రోలు దగ్గరనుంచి లేవడానికి గోడ పట్టుకున్నావు. పండుగపూట గొడవ ఎందుకని ఊరుకున్నాను.

బస్సుస్టాపులో నాగమల్లేశ్వరి పిన్ని నా సంచి పట్టుకుని నిలబడి ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. చివరకు చెప్పింది. “మీ అత్త మా డాబా ఎక్కబోయి సగం మెట్ల మీద కూర్చుండిపోయింది అమ్మీ. ఎండాకాలంలోనే. దవడ పట్టుకొని, చెమటలు కారతా. ఎవురికీ చెప్పొద్దన్నాది. నేను ఎవురికీ చెప్పల్యా, నీకే చెప్తున్నా.”

అత్తా, నువ్వు ఉత్తరం రాయమన్నది అందుకా? నేను అది నా రాత మీద ప్రేమ అనుకున్నాను.

గుట్ట, ఆ తర్వాత వాగు, ఆ తర్వాత కల్వర్టు. నువ్వు పిడుగు అంటే నేను పిడుగు గురించి పేజీ నింపాను. కర్రిదాన్ని ఇచ్చేశావంటే పెళ్ళి గురించి పేజీ నింపాను. చిన్న డాక్టరుకు నువ్వు అబద్ధం చెప్పలేదు. నొప్పి వచ్చే చోటికి పోవడమే మానేశావు. అందుకే నడిస్తే నొప్పి లేదు.

స్టెంటు వేసిన చోట మళ్ళీ సన్నబడవచ్చట. నర్సమ్మను ఈ పొద్దున అడిగాను. సున్నం గట్టిపడిన నాళాల్లో అట్లా జరగడం ఎక్కువట. ఎప్పుడూ తెరిచే ఉంటుందని నేను చౌకట్టు పోలిక రాసి నీకు పంపాను. ఆ పోలికను కొట్టెయ్.

ఈ వారమే ఒంగోలు పోవాలి. పెద్ద డాక్టరుకు చూపించుకోవాలి. నడిస్తే ఏమవుతుందో కాదు, నడవకుండా ఎందుకు ఆగిపోతున్నావో చెప్పాలి. పోకపోతే నేను పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. బెదిరింపు అనుకున్నా సరే.

యశోద


20 అక్టోబరు

యశోదమ్మీ,

పోయినా. నువ్వు పెట్టె సర్దుతావని పోయినా. నాగమల్లేశ్వరి తోడొచ్చింది. యోబు తన ఆటోలో పొదిలి దాకా దించినాడు, ఆడ నుంచి బస్సు. ఆటోలో వాడు పాటలు పెట్టబోతే నాగమల్లేశ్వరి “మా అక్క గుండె అదురుతాది, ఆపు రా” అన్నాది. మేము ఒంగోలు నుంచి తిరిగొచ్చే దినం గూడా వాడు పొదిలి నుంచి పాట లేకుండానే తెచ్చినాడు పాపం.

పెద్ద డాక్టరు “పోయినసారి నొప్పి లేదన్నావంటనే?” అన్నాడు.

“అడిగినప్పుడు లేదు సార్. కుర్చీలో కూర్చోనుంటి గదా” అన్నా.

ఆయన పెన్ను కింద పెట్టి నా తట్టు చూసినాడు. తిట్టలేదు.

మణికట్టు కాడ నుంచి తీగ పంపి చూసినారు. తెర మీద నాకు గూడా చూపించినారు. స్టెంటు రెండు కొసలూ బాగున్నాయి. నడుమ మాత్రం సన్నగా ఉంది, దారం కట్టి బిగించినట్టు. చుట్టూ సున్నం గట్టిగా ఉంటే అది ఆ పొద్దే పూర్తిగా విచ్చుకోలేదంట. ఇప్పుడు ఆ సందులో మల్లా కండ పెరిగిందంట. నెత్తురు దారం మాదిరి పోతాంది.

“ఎప్పుడైనా మాత్ర మర్చిపోయినందుకా సార్?” అన్నా. కాదన్నాడు. ఆకు సున్నమా అంటే నవ్వినాడు. “నీ తప్పేం లేదమ్మా, కొందరికి ఇట్లా మళ్ళీ మూసుకుంటుంది” అన్నాడు. తప్పు లేదంటే నాకు ఇంకా దిగులేసింది. తప్పుంటే దిద్దుకోవచ్చు గదా.

ఈసారి ముందర ఒక బుడగ పంపి, దానితో సున్నాన్ని లోపల్నే అదరగొట్టి పగలగొడతారంట. తర్వాత గట్టి బుడగతో స్టెంటును వెడల్పు చేసి, మందు పూసిన బుడగ ఒకటి తాకిస్తారంట. ఆ అదరగొట్టే బుడగ హైదరాబాదు నుంచి రావాల. కార్డు మీద ఉచితంగానే చేస్తారు. మల్లా మూసుకోదు గదా అని అడిగినా. “చెప్పలేమమ్మా” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అందరూ ఏమీ కాదు ఏమీ కాదు అంటాంటే విని విని యాష్టకొచ్చింది.

నొప్పి ఎందుకు చెప్పలేదంటావు. ఇది నొప్పి అని చెప్పేదానికి రాదు అమ్మీ. ఎవురో నా మీద కూర్చున్నట్టు ఉంటాది. పొద్దున్నే లేస్తే అప్పుడే సాయంత్రమైనట్టు ఉంటాది ఒళ్ళు. కల్వర్టు కాడ కూర్చుంటే తగ్గిపోతాది. తగ్గిపోయేదాన్ని ఏమని చెప్పేది? చెప్తే నువ్వు వస్తావు. పోయినసారి వచ్చి నా కాళ్ళ కాడనే ఏడు గడిపినావు. నీ జతపిల్లలు పైతరగతి పోతాంటే నువ్వు నాకు గంజి కాస్తాంటివి. అది నాకు గుండెనొప్పి కంటే ఎక్కువ.

జాబు రాయమనింది మెట్లు ఎక్కలేకనే. నీ రాత మీద ప్రేమ గూడా నిజమే. రెండూ నిజమే.

ఆపరేషను నవంబరు ఇరవై నాలుగు అన్నారు. నీ పరీక్షలు అయిపోయినాకనే. నిమ్మళంగా రాసుకొని రా.

మీ అత్త


నెల్లూరు,
30 అక్టోబరు 2025

అత్తా,

నీ ఉత్తరం పట్టుకుని బాత్రూముల దగ్గర నిలబడి ఏడ్చాను. అక్కడ ఎవరూ ఎందుకని అడగరు. తర్వాత ముఖం కడుక్కుని, క్లాసుకు పోయి, ఛందస్సు నోట్సు రాసుకున్నాను. రెండూ చేశాను. నువ్వు రాసినట్టు, రెండూ నిజమే.

నాకు ఇప్పుడు బాగా అలసటగా ఉంది. నువ్వు నిజం చెప్పావు కదా, ఇక తేలిగ్గా ఉండాలి. కానీ ఇన్నాళ్ళు నేను మోయని బరువు ఇప్పుడు చేతికి వచ్చినట్టుంది. నువ్వు దీన్ని ఎండాకాలం నుంచి ఒక్కదానివే ఎట్లా మోశావు?

పరీక్షలు పదో తేదీన మొదలవుతాయి, ఇరవైన అయిపోతాయి. పన్నెండున తెలుగు స్పెషల్ పేపరు. మేడం “నీ మీద ఆశ పెట్టుకున్నాను” అన్నారు. ఇరవై ఒకటి పొద్దునకల్లా నేను ఇంట్లో ఉంటాను. ఇరవై నాలుగున నిన్ను లోపలికి తీసుకుపోయేదాకా నీ చేయి పట్టుకునే ఉంటాను. లోపలినుంచి వచ్చాక కూడా. డాక్టరు ఇచ్చిన నాలుకకింద మాత్ర కొంగుకు ముడివేసుకో, గూట్లో పెట్టకు. మంచంలో పడుకున్నా తగ్గని నొప్పి వస్తే తేదీ కోసం చూడకుండా నూటఎనిమిదికి ఫోన్ చేయించు.

ఇంకెప్పుడూ దాచొద్దు. పెద్ద మాటలేమీ రాయను. దాచొద్దు, అంతే.

యశోద


9 నవంబరు

యశోదా,

ఇది సతీష్ చేతికిచ్చి పంపుతున్నా. పోస్టులో ఏస్తే నీకు అందేతలికి ఆలస్యమైపోతాది.

ఆపరేషను ఇరవై నాలుగు కాదు. పన్నెండు. డాక్టరు మొదటి నుంచి పన్నెండే అన్నాడు. నీ తెలుగు పరీక్ష ఆ దినమే అని నాకు ముందే తెలుసు, దసరాకు వచ్చినప్పుడు నువ్వే చెప్పినావు. అందుకే మార్చి రాసినా. నువ్వు పరీక్షలన్నీ రాసి వచ్చేతలికి నేను ఇంట్లో మంచం మీద కూర్చొని ఉండాలనుకున్నా. అప్పుడు నువ్వు ఎంత తిట్టినా పడతా అనుకున్నా.

నాగమల్లేశ్వరి వస్తానన్నాది. యోబుకు చెప్పినా. సంచి సర్దుకున్నా. జీవాలన్నీ సతీష్ వాళ్ళ కొట్టంలో కట్టించినా. అంతా అయిపోయింది, ఇంక నేను పోవడమే.

పొద్దున స్నానం చేసి చీర కట్టుకుంటా కుచ్చిళ్ళ కాడ ఆగిపోయినా. కుచ్చిళ్ళు చేతిలో పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడినా. నాలుక కింద మాత్ర పెట్టుకుంటే తగ్గింది. తగ్గినాక గూడా కుచ్చిళ్ళు దోపుకోబుద్ధి కాలేదు. ఎందుకో నాకు తెలవదు. అట్లనే నేల మీద కూర్చొని, నాగమల్లేశ్వరి వచ్చినదాకా లేవలేదు. అది వచ్చి చీర కట్టింది.  

పోయినసారి నాకు భయం లేదు. ఏం చేస్తారో తెలవదు గనక. ఈసారి తెలుసు. ఆ చల్లటి గది, ఆ తెర, ఆ పిల్లగాండ్లు లోపల వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకుంటాంటే మనం పైకప్పు చూస్తా పడుకునేది. అన్నీ తెలుసు. నా పేరు పిలిచినప్పుడు గుమ్మం కాడ నా మనిషి ఒకరు ఉండాల. నాగమల్లేశ్వరి మంచిదే. అది నువ్వు కాదు.

ఇట్ల ఎప్పుడూ ఎవురినీ అడగలేదు నేను. మీ మామ పోయినప్పుడు గూడా అడగలేదు. ఎట్ల అడగాలో తెలవక ఈ కాగితం ముందర పొద్దున్నుంచి కూర్చున్నా.

పరీక్షల మధ్యలో పిలుస్తున్నా. ఆ పేపరు మల్లా రాసుకోవచ్చు అని సతీష్ అన్నాడు. నిజమో కాదో నాకు తెలవదు. వాడు మీ హాస్టల్ గేటు బయట నిలబడి ఉంటాడు.

నిజం కాకపోయినా రా.

సుబ్బరత్నమ్మ